మానైన తరువాత వంగకూడదా?



"మొక్కై వంగనిది మానై వంగునా" అనే సామెతను మన పెద్దలు పిల్లల పెంపకం కోసం చెప్పారు. ఇప్పుడు దానిని ఆ పెద్దల మీదికే తిప్పి వాడుతున్నాము. రిటైరైన టీచరమ్మ ఒకామె కీబోర్డు నేర్చుకుంటానంటే కొడుకు నవ్వుతాడు. కోడలు "అత్తయ్యగారూ, ఇప్పుడెందుకండీ ఈ కష్టం" అంటుంది. సంఘంలో తోటివారు "మనవరాలికి నేర్పించండి, ముచ్చటగా ఉంటుంది" అని సలహా ఇస్తారు. ఎవరూ చెడు ఉద్దేశంతో అనరు. అయినా ఆమె కోరిక అక్కడితో ఆగిపోతుంది. ఈ సంచికలో మేము ఆ మాటకు ఎదురు చెప్పదలచుకున్నాము. ఎన్నో ఏళ్ళుగా మనసులో మోస్తున్న ఒక పాటను అరవై దాటాక స్వంత చేతులతో వాయించాలనుకోవడం వెర్రి కాదు. అది ఆరోగ్యానికి సంబంధించిన సంగతి కూడా గనుక ఆసుపత్రి పత్రికలో రాస్తున్నాము.

సామెత మాట వచ్చింది కాబట్టి ఒక మాట. 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషను పని మొదలుపెట్టిన హేయర్ గారికి అప్పటికి 49 ఏళ్ళు. తరువాత స్వదేశం వెళ్ళి, యాభై దాటిన వయసులో వైద్యం చదివి పట్టా పుచ్చుకొని మళ్ళీ మన తెలుగు దేశానికి వచ్చారు. ఆ మాను అంతగా వంగింది. మనం అడుగుతున్నది ఒక్క పాట!

ఒక్క పాట అని కావాలనే అంటున్నాము. సంగీత విద్వాంసులు కావాలని కాదు, పరీక్షలు పాసవ్వాలని కాదు. ఎవరి పాట వారికి ఉంటుంది. కొందరికి అమ్మ పాడిన కీర్తన, కొందరికి హాస్టలులో నేర్చిన క్రిస్మస్ గీతం. మా మాట విశదం కావడానికి, మనలో చాలామంది పెళ్ళిళ్ళలో విన్న పియానో పాటనే ఒకదానిని తీసుకుంటాము. పెళ్ళికుమార్తె తండ్రి చేయి పట్టుకొని దేవాలయంలోనికి నడిచి వస్తున్నప్పుడు, లేదా రిజిస్టరులో సంతకాలు చేస్తున్నప్పుడు, అలల్లా దొర్లుతూ వినిపించే వాయిద్యం ఒకటుంది. దాని ఇంగ్లీషు పేరు "జీసూ, జాయ్ ఆఫ్ మ్యాన్స్ డిజైరింగ్". పేరు తెలియని వారు కూడా వినగానే గుర్తుపడతారు.

దీనిని యోహాన్ సెబాస్టియన్ బాఖ్ గారు జర్మనీలోని లైప్జిగ్ పట్టణంలో 1723లో వినిపించారు. ఆ ఏడాదే ఆయన అక్కడి దేవాలయాల సంగీతానికి బాధ్యులుగా చేరారు. అప్పటికి ఆయన వయసు 38. నిజానికి అందులోని సంఘగీతం వరుస ఆయనది కాదు. అంతకు ఎనభై ఏళ్ళ ముందు యోహాన్ షోప్ అనే ఆయన కట్టినది. దాని చుట్టూ పూలతీగలా అల్లుకున్న సంగీతమే బాఖ్ గారిది. రెండు భాగాలున్న పెద్ద కృతిలో, ఒక్కొక్క భాగం చివర ఒక్కొక్క చరణంతో ఇదే సంగీతం వస్తుంది.

అది జూలై 2వ తేదీ. మరియ కొండసీమకు త్వరపడి వెళ్ళి ఎలీసబెతును దర్శించిన సంగతిని అక్కడి సంఘాలు జ్ఞాపకం చేసుకొనే పండుగ దినం. లూకా సువార్త మొదటి అధ్యాయం చదివిన వారికి ఎలీసబెతు ఎవరో చెప్పనక్కరలేదు. బహుకాలం గడిచిన వృద్ధురాలు. ఇక ఏమీ జరగదని ఊరంతా తీర్మానించుకున్న తరువాత ఆమె ఇంట సంతోషం అడుగుపెట్టింది. వయసు మళ్ళినవారు నేర్చుకోవడానికి ఇంతకన్న తగిన పాట మాకు తోచలేదు.

మూలంలో ఇది గాయకులకూ వాద్యబృందానికీ రాసిన సంగీతం. పియానో మీద ఒక్కరే వాయించేలా అమర్చి ప్రసిద్ధికి తెచ్చినవారు ఇంగ్లండుకు చెందిన మైరా హెస్ గారు. ఆమె ప్రతి 1926లో అచ్చయింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బాంబుల భయంతో లండన్ నేషనల్ గ్యాలరీలోని చిత్రపటాలను దూరప్రాంతాలకు తరలించారు. ఆ ఖాళీ గోడల మధ్య 1939 అక్టోబరు నుండి 1946 ఏప్రిల్ వరకు ఆమె మధ్యాహ్నపు కచేరీలు నడిపించారు. ఆఫీసుల నుండి, డ్యూటీల నుండి భోజన విరామంలో వచ్చి విని వెళ్ళేవారు. రోగుల మధ్య పనిచేసే మాకు ఈ సంగతి ఎంతో దగ్గరగా అనిపిస్తుంది.

ఇక పాట లోపలి సంగతి. ఇది లెక్కకు మూడు స్వరాల చొప్పున సాగుతుంది. మన సంగీతం తెలిసినవారు తిశ్ర గతి అంటారు. స్వరాలు కూడా చాలావరకు శంకరాభరణంలోనివే. ఎడమ చేయి నింపాదిగా అడుగు తరువాత అడుగు వేసుకుంటూ పోతుంది. కుడిచేయి ఆ మూడేసి స్వరాల అలను ఆపకుండా నడుపుతుంది. కాసేపటికి ఆ అల కింద నుండి సంఘగీతం పెద్ద పెద్ద స్వరాలతో మెల్లగా లేస్తుంది. కష్టమంతా అక్కడే ఉంది. ఒకే చేతిలో కొన్ని వేళ్ళు గీతాన్ని నొక్కి పట్టి ఉంచాలి, మిగిలిన వేళ్ళు అలను తేలికగా నడపాలి. ఒక చేత్తో పసిబిడ్డను ఎత్తుకొని అదే చేతి వేళ్ళతో తాళం తీసిన తల్లులకు ఆ కష్టం కొత్త కాదు గానీ, పియానో మీద మాత్రం నెలలు పడుతుంది. హెస్ గారి ప్రతి కొత్తవారి కోసం రాసినది కాదు. సులువు చేసిన ప్రతులు దొరుకుతాయి. వాటితో మొదలుపెట్టడం చిన్నతనమేమీ కాదు.

అయితే ఈ పాటలో పెద్దవారికి అనుకూలించే గుణాలు రెండున్నాయి. దీనికి వేగం అక్కరలేదు. నిదానంగా వాయించినా అందం చెడదు, పైగా తొందరపెడితేనే చెడుతుంది. ఇంకొకటి, మొదట వచ్చిన అల మధ్యలోనూ, చివరనూ మళ్ళీ వస్తుంది. ఒకసారి పట్టుబడిన భాగం తిరిగి తిరిగి అక్కరకొస్తుంది.

మా ఆసుపత్రిలో చాలా ఏళ్ళు నర్సుగా సేవచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక సోదరి ఈ పాట నేర్చుకుంటున్నారు. పేరు వేయవద్దన్నారు. ఆమెకు 64 ఏళ్ళు, షుగరు ఉంది, వేళ్ళ చివరి కణుపుల దగ్గర బుడిపెలు ఉన్నాయి. భర్త ప్రభువు పిలుపు అందుకొని మూడేళ్ళయింది. మనవడు అమెరికా వెళుతూ వదిలిపోయిన కీబోర్డు బీరువా మీద దుమ్ము పట్టి ఉంటే దింపించారు. "పగలంతా ఎలాగో గడిచిపోతుంది గానీ, ఆరింటి నుండి తొమ్మిదింటి వరకు ఏం చేయాలో తెలిసేది కాదు. డ్యూటీలో ఉన్నప్పుడు అది చార్జీ ఇచ్చే వేళ" అని ఆమె మాతో అన్నారు. మొదటి రెండు నెలలు ఎడమ చేయి మాత్రమే. రోజుకు రెండు గతులు. మరుసటి రోజు ఆ రెండూ మరచిపోతే మళ్ళీ అవే. పద్నాలుగు నెలలకు మొదటి సగం వచ్చింది. సంఘగీతం లేచే చోట ఇప్పటికీ వేళ్ళు చిక్కుపడుతున్నాయి. ఆదివారం రాత్రి కూతురు ఫోను చేస్తే ఫోను కీబోర్డు పక్కన పెట్టి వచ్చినంత వరకు వాయిస్తారు. తప్పు పోయిన చోట ఆగిపోయి "ఇదిగో, మళ్ళీ ఇక్కడే" అంటారట.

ఇక్కడ సంగీతం నేర్పే ఉపాధ్యాయులతో మాకు కొంచెం భేదాభిప్రాయం ఉంది. ముందు స్వరావళులు, తరువాత స్కేళ్ళు, తరువాత చిన్న చిన్న పాఠాలు, ఆ తరువాతనే పాట అనేది వారి క్రమం. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి అది సరైనదే. వాడికి ముందు యాభై ఏళ్ళు ఉన్నాయి. 66 ఏళ్ళ పెద్దాయనకు రెండేళ్ళు స్కేళ్ళు చెబితే ఆయన ఆరు వారాల్లో మానేస్తారు. తనకు ఇష్టమైన పాటలోని రెండు గతులు మొదటి వారంలోనే ఇవ్వండి, ఆ రెండింటికి కావలసిన పాఠం ఆ రెండింటిలోనే చెప్పండి అని మేము కోరుతున్నాము. కాని ఒక విషయంలో వారి మాటే గెలవాలి. ఏ స్వరానికి ఏ వేలు, మణికట్టు ఎలా ఉంచాలి, ఎంత ఎత్తు మీద కూర్చోవాలి అనేవి మొదటి రోజు నుండే సరిగా నేర్చుకోవాలి. మోచేయి మీటల ఎత్తుకు సమంగా ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీలో కిందికి జారి కూర్చొని వాయిస్తే మెడ, భుజాలు పట్టేస్తాయి. అప్పుడు మా దగ్గరకే వస్తారు.

మిషను వైద్యులలో ఈ మాటకు గొప్ప సాక్షి ఒకరున్నారు. ఆల్బర్ట్ ష్వైట్జర్ గారు ఆర్గన్ వాద్యంలో నిపుణులు, బాఖ్ గారి మీద పెద్ద గ్రంథం రాసినవారు. ముప్పై ఏళ్ళ వయసులో వైద్యం చదవడం మొదలుపెట్టి 1913లో ఆఫ్రికాలోని లాంబరీనేకు వెళ్ళారు. అప్పుడు ఆయనకు కూడా 38 ఏళ్ళే. పారిస్‌లోని బాఖ్ సంఘం వారు అక్కడి వేడికీ తేమకూ తట్టుకొనేలా కట్టించి, ఆర్గన్‌కు ఉన్నట్టు పాదాల మీటలు అమర్చిన పియానోను ఆయనకు బహుమానంగా ఇచ్చారు. అడవిలో ఇక సంగీతం ఎందుకని మొదట వదులుకోవడానికే సిద్ధపడ్డారు. తరువాత ఆలోచన మారింది. కచేరీల తొందర లేదు కనుక ఒక్కొక్క కృతిని వారాలు, నెలలు పట్టినా సరే లోతుగా చదివి కంఠస్థం చేసుకోవచ్చని గ్రహించారు. పగలంతా రోగులు, సాయంత్రం పియానో. వినేవారు ఎవరూ లేకపోవడాన్ని ఆయన లోటుగా కాక వెసులుబాటుగా తీసుకున్నారు. మన పెద్దలలో చాలామందికి ఈనాడు ఉన్నదీ ఆ వెసులుబాటే. దానిని మనం ఒంటరితనం అని మాత్రమే పిలుస్తున్నాము.

వైద్యం ఏమంటోంది? జాగ్రత్తగా చెప్పవలసిన విషయం ఇది. సంగీతంతో బి.పి. మాయమవుతుంది, షుగరు దిగిపోతుంది అని కొన్ని పత్రికలలో రాస్తుంటారు. మేము అలా రాయము. పియానో వాయిస్తున్నామని ఒక్క మాత్ర కూడా మానకూడదు. అయితే 2003లో న్యూయార్కులో 75 ఏళ్ళు దాటిన 469 మందిని కొన్నేళ్ళ పాటు గమనించి ప్రచురించిన పరిశోధనలో, చదవడం, చదరంగం లాంటి ఆటలు, వాద్యం వాయించడం, నాట్యం అలవాటుగా ఉన్నవారిలో మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించింది. అలవాటు వల్ల జబ్బు తగ్గిందా, జబ్బు ఇంకా రానివారికే ఆ అలవాటు నిలిచిందా అనేది అంత తేలికగా తేలే ప్రశ్న కాదు. 2007లో అమెరికాలో మరొకటి ప్రచురించారు. అరవై నుండి ఎనభై అయిదేళ్ళ వయసులో ఉండి, సంగీతం రాని 31 మందిలో సగం మందికి ఆరు నెలలు పియానో నేర్పించారు. నేర్చుకున్నవారు మనసును ఒక పని నుండి మరొక పనికి మళ్ళించే కొన్ని పరీక్షలలో మెరుగయ్యారు. అదే ఏడాది జర్మనీ నుండి వచ్చిన పరిశోధనలో, పక్షవాతం వచ్చినవారికి మూడు వారాల పాటు కీబోర్డు, డ్రమ్ము ప్యాడ్ల మీద సాధన చేయించగా చేతి కదలికలో మేలు కనిపించింది. ఇవన్నీ కొద్దిమందితో చేసినవి. గొప్పలు చెప్పుకోవడానికి చాలవు. "ఈ వయసులో ఏం వస్తుంది" అనే మాటను కొట్టివేయడానికి మాత్రం చాలును.

చేతుల గురించి కొంచెం ఎక్కువగా రాయవలసి ఉంది. షుగరు చాలా ఏళ్ళుగా ఉన్నవారు ఒకసారి రెండు చేతులు జోడించి నమస్కారం పెట్టి చూసుకోండి. అరచేతులు, వేళ్ళు పూర్తిగా ఆనుకోకుండా మధ్యలో సందు కనిపిస్తే, షుగరు వల్ల చర్మమూ కీళ్ళ చుట్టుపక్కలా బిగుసుకుపోయి ఉండవచ్చు. ప్రతిరోజూ ప్రార్థనలో చేతులు జోడించేవారు కూడా దీనిని చూసి వయసు అనుకొని ఊరుకుంటారు. అలాంటివారిలో కంటి నరాలకు, మూత్రపిండాలకు కూడా షుగరు తగిలి ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి కీబోర్డు కన్నా ముందు డాక్టరుగారికి చేతులు చూపించండి. వేలు ముడిచి తెరిచేటప్పుడు టక్కున పట్టేసినా అంతే. బొటనవేలు మొదట్లో నొప్పి ఉన్నవారు వేళ్ళు బాగా చాచి వాయించే భాగాలను వదిలేయాలి, పాట ప్రతిలో ఒక స్వరం తీసేసినా పాపం ఏమీ లేదు. రాత్రివేళ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి నిద్ర లేపుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతుందేమో చూపించుకోవాలి. ఇవి కాక, వాయిస్తుండగానో మరెప్పుడో ఒక చేయి హఠాత్తుగా పట్టు తప్పితే, మూతి వంకరపోతే, మాట తడబడితే అది సాధన లోపం కాదు. వెంటనే ఆసుపత్రికి రావాలి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు నాలుగున్నర గంటల లోపల ఇస్తేనే ఉపయోగం, ఎంత ముందైతే అంత మంచిది.

బుడిపెలు, బిగుతు ఉన్నా చాలామంది వాయించవచ్చు. గోరువెచ్చని నీటిలో అయిదు నిమిషాలు చేతులు ఉంచి తుడుచుకొని మొదలుపెట్టండి. ఒకేసారి గంట కూర్చోవద్దు. పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట మేలు. నొప్పి వస్తే ఆపాలి, ఓర్చుకోకూడదు. మన ఆడవారికి ఓర్చుకోవడం బాగా అలవాటు గనుక ఈ మాట నొక్కి చెబుతున్నాము.

కళ్ళద్దాల సంగతి ఎవరూ ముందు అనుకోరు. చదువుకొనే అద్దాలు బైబిలు పట్టుకొనేంత దూరానికి ఇస్తారు. పియానో మీది పుస్తకం అంతకన్న దూరంగా ఉంటుంది. రెండు భాగాల అద్దాలు పెట్టుకున్నవారు కింది భాగంలో నుండి చూడాలని గడ్డం పైకెత్తి, మెడ నొప్పి తెచ్చుకుంటారు. కంటి విభాగానికి వచ్చినప్పుడు పుస్తకం ఎంత దూరంలో ఉంటుందో కొలిచి చెప్పండి, దానికి తగిన అద్దాలు ఇస్తారు. శుక్లాలు ఉంటే తీయించుకోండి. బాఖ్ గారు చివరి రోజుల్లో చూపు మందగించి 1750లో కంటికి రెండుసార్లు శస్త్రచికిత్స చేయించుకున్నారు. ఉన్న చూపు కూడా పోయి, ఆ జూలైలోనే కన్నుమూశారు. ఆయనకు లేని భాగ్యం ఈనాడు మన పల్లెటూరి తాతగారికి కూడా అందుబాటులో ఉంది.

కొందరు సంఘ పెద్దలు అడుగుతారు: ఈ దొరల సంగీతం మనకెందుకు, పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు లేవా అని. ఉన్నాయి, వాటి మీద మాకున్న ప్రేమ ఎవరికీ తీసిపోదు. అయితే పియానోలో ఒక్కొక్క మీటకు ఒక్కటే స్థిరమైన స్వరం. మన కీర్తనలలోని గమకం దాని మీద పలకదు, స్వరం నుండి స్వరానికి జారడం దానికి రాదు. కీర్తన మీద మనసున్నవారు వయొలిన్ పట్టుకోవచ్చు, గొంతు ఉంటే అది చాలు. పియానో కోసం పుట్టిన పాట మీద మనసున్నవారిని అది విదేశీయం అని ఆపవద్దు. లైప్జిగ్ సంఘం తన ఆరాధన కోసం పాడుకున్నది మనకు పరాయిది ఎలా అవుతుంది?

ఇంకో అడ్డంకి వాద్యమే. ఇంట్లో పియానో ఉన్న కుటుంబాలు మనలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కోస్తా గాలిలో తీగలు తుప్పు పడతాయి, శ్రుతి చేసేవారిని దూరం నుండి పిలిపించుకోవాలి. కీబోర్డు కొనలేనివారే ఎక్కువ. అయితే చాలా దేవాలయాలలో ఒక కీబోర్డు ఉంటుంది. వారమంతా దాని మీద గుడ్డ కప్పి, గదికి తాళం వేసి ఉంటుంది. తాళంచెవి కమిటీలో ఒకరి దగ్గర, ఆ ఒకరు ఊరిలో లేని రోజులే ఎక్కువ. యువజనులకు, సండేస్కూలు పిల్లలకు అడిగితే ఇస్తారు. 65 ఏళ్ళ విధవరాలు వచ్చి అడిగితే "ఎందుకమ్మా" అంటారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోలేక ఆమె వెనక్కి వెళ్ళిపోతుంది. పాడైపోతుందని భయపడేవారికి మా మనవి ఒకటే. మీటలు వాడితే కన్నా, వాడకుండా తేమలో మూసి పెడితేనే ఎక్కువ పాడవుతాయి.

అందుచేత సంఘ కమిటీల వారిని ఈ విధంగా కోరుతున్నాము. వారానికి రెండు సాయంత్రాలు, అయిదు నుండి ఏడు వరకు, కీబోర్డు గది తెరిచి ఉంచండి. అరవై దాటినవారికి పావుగంట చొప్పున వంతులు వేయండి. పక్కవారికి ఇబ్బంది లేకుండా చెవులకు పెట్టుకొనే ఫోను ఒకటి కొనండి, దాని శబ్దం మాత్రం తగ్గించి పెట్టండి. వెలుతురు చాలకపోతే ఒక బల్బు మార్చండి. చేతులున్న కుర్చీ వద్దు, చేతులు లేని గట్టి కుర్చీ వేయండి. సాధన మొదలుపెట్టదలచినవారు ముందుగా చేతులు చూపించుకోవాలనుకుంటే, మా ఫిజియోథెరపీ విభాగంలో ఈ పత్రిక చదివి వచ్చామని చెప్పండి. వచ్చేటప్పుడు మీ షుగరు కార్డు, మీ కళ్ళద్దాలు, మీరు నేర్చుకోవాలనుకొనే పాట ప్రతి వెంట తెచ్చుకోండి.